ఊహించుట నిషేధము

పొన్నమండలంక హైస్కూలు గేటుకి ఆ బోర్డు కట్టిన రోజున అనసూయ టీచరు దాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుంది. పసుపు రంగు రేకు మీద నల్లటి అక్షరాలతో "ఈ ప్రాంగణమున ఊహించుట నిషేధము" అని రాసుంది. దాని కింద పాత బోర్డు తాలూకు "ఉమ్మి వేయరాదు" అన్న మాట సగం చెరిగి ఇంకా కనిపిస్తోంది. రెండింటికీ పెద్ద తేడా లేదనుకున్నాడో ఏమో, పెయింటరు దాని జోలికి వెళ్లలేదు.

ఇదంతా ఎక్కణ్నుంచి ఊడిపడిందంటే, జిల్లాలో భాషా నాణ్యతా పర్యవేక్షణాధికారి అనే పదవి ఒకటి కొత్తగా పుట్టింది. అందులో గంటి భాస్కరానందం గారు కూర్చున్నారు. కూర్చున్న నెల్లోనే ఆయన్ని ఏదో నగరానికి పిలిపించి, పిల్లలు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు డిక్షనరీని ఎలా వాడాలన్న విషయం మీద రెండు పూటల శిక్షణ ఇచ్చారు. పొద్దుటి పూట చెప్పింది ఏమిటంటే, తెలియని మాట కనపడగానే పిల్లలు నోటికొచ్చిన అర్థం చెప్పేసి ముందుకు పోతున్నారు, అది పనికిరాదు, డిక్షనరీ చూసి తీరాలి అని. మధ్యాహ్నం పూట చెప్పింది ఏమిటంటే, అలాగని ప్రతి మాటకీ డిక్షనరీ మీద పడకూడదు, ముందు అటూ ఇటూ ఉన్న మాటల్ని బట్టి అర్థం ఇదై ఉంటుందని ఒక ఊహ చేసుకుని, అప్పుడు డిక్షనరీలో సరిచూసుకోవాలి అని. మధ్యాహ్నం పూటకి భాస్కరానందం గారు లేరు. ఆ ఊళ్లోనే ఉన్న వియ్యంకుడి గారింటికి భోజనానికి వెళ్లారు.

తిరిగొచ్చిన వారానికల్లా సర్క్యులర్ దిగింది. "విద్యార్థులయందు ప్రబలియున్న ఊహించు దురలవాటును సమూలముగా నిర్మూలించు నిమిత్తము, జిల్లాలోని ఉన్నత పాఠశాలలన్నియు ఊహారహిత పాఠశాలలుగా రూపొందుటకు తగు చర్యలు గైకొనవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది" అని దాని మొదలు. డిక్షనరీ చూడకుండా పిల్లలెవరూ ఏ ఇంగ్లీషు మాటకీ అర్థం చెప్పకూడదు. ఒక మాటకి నాలుగైదు అర్థాలుంటే మొదటిదే పుచ్చుకోవాలి. సరిపోయేదేదో ఎంచుకోవడం కూడా ఒక రకంగా ఊహించడమే కాబట్టి అది కుదరదు. ఆఖరున, "ఊహపై ఆధారపడిన ఏ జవాబైనను, ఏ నిర్ణయమైనను, ధ్రువీకరణ జరుగువరకు చెల్లదు" అని ఒక నిబంధన. దాని కింద భాస్కరానందం గారు స్వయంగా ఎర్ర సిరాతో గీత గీశారు.

మామూలుగా అయితే అనసూయ టీచరు ఇలాంటివాటిని పెద్దగా పట్టించుకునే మనిషి కాదు. ఆవిడ సర్వీసులో చాలా చూసింది. పాటలతో ఇంగ్లీషు అన్నారు, ఆటలతో ఇంగ్లీషు అన్నారు, ఒక ఏడాదైతే మౌనంగా ఇంగ్లీషు అన్నారు. వచ్చినవన్నీ వచ్చినట్టే పోయాయి. ఈసారి మాత్రం అలా ఊరుకోవడానికి లేకుండా పోయింది.

పొన్నమండలంక గోదావరి రెండు పాయల మధ్య ఉన్న లంక. పిల్లలు తగ్గిపోతున్నారనే సాకుతో అక్కడి బడిని ఎత్తేసి అవతలి ఒడ్డున ఉన్న పెద్ద హైస్కూల్లో కలిపేస్తారని ఏడాదిగా అనుకుంటున్నారు. కలిపేస్తే రోజూ పడవ దాటాలి. మగపిల్లలు దాటుతారు. ఆడపిల్లల్ని వరద రోజుల్లో ఇంట్లో ఉండమంటారు, వరద తగ్గాక మళ్లీ పంపరు. పనికి పంపడానికి రొయ్యలు ఒలిచే షెడ్డు లంకలోనే ఉంది మరి. తొమ్మిదో తరగతి చదివే సత్యవేణికి వాళ్ల నాయనమ్మ ఆ సంగతి ముందే తేల్చి చెప్పేసింది. "బడి ఇక్కడున్నన్నాళ్లూ ఎల్లు. ఏరు దాటి సదువుకోవక్కర్లేదు." ఆ పిల్ల వచ్చి ఈ మాట చెప్పినప్పుడు అనసూయ టీచరు దాన్ని తేలిగ్గా వదిలెయ్యలేకపోయింది. ఎందుకంటే సత్యవేణి ఆరో తరగతిలో ఇంగ్లీషు పుస్తకం చూస్తే బల్ల కింద దూరేది. ఇప్పుడు పుస్తకంలో లేని పేరాలు కూడా ఇమ్మని అడుగుతోంది.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు కుడుపూడి త్రిమూర్తులు గారు జిల్లా ఆఫీసు నుంచి కబురు మోసుకొచ్చారు.

"టీచరు గారూ, మన పని అయిందనుకోండి. ఊహారహిత సర్టిఫికెట్ ఉన్న బడిని కలపరంట. భాస్కరానందం గారు మాటిచ్చేరు."

"ఊహించకుండా పిల్లలు భాషెలా నేర్చుకుంటారండీ?"

"అది మీరు నన్నడక్కండి. నేను లెక్కల మాస్టర్ని. మనకి సర్టిఫికెట్ కావాలా వద్దా, అది చెప్పండి."

అనసూయ టీచరు సర్క్యులర్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది. సర్టిఫికెట్ కావాలి.

దాంతో పని మొదలైంది. పిల్లలందరికీ తలో డిక్షనరీ ఇచ్చారు, ఇంగ్లీషు మాటకి తెలుగు అర్థం చెప్పేది. దాన్ని తాడు కట్టి మెళ్లో వేసుకోవాలి. పొద్దున్నే ప్రార్థన కాగానే ప్రతిజ్ఞ. "నేను ఊహించను. నా తోటివారిని ఊహించనివ్వను. ఎవరైనను ఊహించుచుండగా చూచిన యెడల తక్షణమే తెలియపరతును." తెలియపరచడానికి ఊహా నిఘా కమిటీ అని ఒకటి వేశారు. దాని అధ్యక్షురాలిగా సత్యవేణిని పెట్టారు. భాస్కరానందం గారే ప్రారంభోత్సవానికి వచ్చి ఆ పిల్ల మెడలో డిక్షనరీ పక్కనే ఒక స్టీలు ఈల వేసి, "ఎవరు ఊహించినను ఈల ఊదవలెను. వారెంతటివారైనను సరే సంకోచింపరాదు" అని తల నిమిరి వెళ్లారు.

ఇక క్లాసు సంగతి చెప్పాలి. 'ఒక ముసలాయన చెట్టు కింద కూర్చున్నాడు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంతో పాఠం మొదలవుతుంది. అందులో ఉన్న మాటలన్నీ పిల్లలకి ఎప్పటినుంచో తెలుసు. అయినా రూలు రూలే కాబట్టి ప్రతి మాటకీ పేజీలు తిప్పారు. పీరియడ్ అయ్యేసరికి ముసలాయన దగ్గరకి వచ్చారు గానీ ఆయన ఇంకా కూర్చోలేదు. పైగా మొదటి అర్థమే పుచ్చుకోవాలి గనక, 'ఓల్డ్' అంటే పాత అని ఉన్నందున ఆయన పాత మనిషి అయ్యాడు. మర్నాడు సొంత వాక్యాలు రాయమంటే, వాళ్ల నాన్న కిళ్లీకొట్టు నడుపుతాడని ఇంగ్లీషులో చక్కగా రాసిన కుర్రాడు, డిక్షనరీలో 'రన్'కి మొదటి అర్థం చూసి దాన్నే తెలుగులో "మా నాన్న కిళ్లీకొట్టును పరుగెత్తించును" అని చదివాడు. అనసూయ టీచరు వాడికి మార్కులు వేసింది. రూలు ప్రకారం తప్పేమీ లేదు.

కానీ ఎన్నాళ్లని అలా చూస్తూ ఊరుకుంటుంది? పదిహేను రోజులయ్యేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు తలుపు గడియ వేసి, కిటికీలు మూయించి, పిల్లల వైపు తిరిగింది.

"డిక్షనరీలు మూసెయ్యండి. ఈ వాక్యం మొత్తం చదవండి. గీత గీసిన మాటకి అర్థం ఏమై ఉంటుందో మనసులో అనుకోండి. ఎందుకలా అనుకున్నారో కూడా అనుకోండి. అప్పుడు డిక్షనరీ తెరవండి. మీరనుకున్నది ఉందో లేదో చూడండి. లేకపోతే ఉన్నవాటిలో ఏది అతుకుతుందో చూడండి."

"టీచర్, ఈల ఊదాలాండీ?" అంది సత్యవేణి.

"కిటికీ దగ్గర నుంచుని, ఎవరైనా వస్తుంటే ఊదు."

అప్పట్నుంచీ వారానికి మూడు రోజులు ఆ బళ్లో దొంగచాటుగా ఊహించడం జరిగింది. పేకాట ఆడేవాళ్లకి కూడా అంత జాగ్రత్త ఉండదు. తప్పు ఊహించినవాళ్లు నవ్వుకున్నారు, ఒప్పు ఊహించినవాళ్లు డిక్షనరీ చూసి బల్ల గుద్దారు. బయట నించి చూసేవాళ్లకి మాత్రం తలుపులు మూసుకుని మరీ డిక్షనరీ చదువుతున్న బడిలాగే కనిపించింది.

ఊహా నిషేధం ఇంగ్లీషుతో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. సర్క్యులర్లో "ఏ నిర్ణయమైనను" అని ఉంది కదా, దాన్ని పట్టుకుని హెడ్మాస్టరు గారు అన్నిటికీ వర్తింపజేశారు. సర్టిఫికెట్ ఎక్కడ చేజారిపోతుందోనని ఆయన భయం. ముందుగా ఆయన కొంపే మునిగింది. పదో తరగతి ఫలితాలన్నీ ఏటా ఆయన తెప్పించే గెస్ పేపర్ల మీదే నడుస్తాయి. ఊహారహిత పాఠశాలలో గెస్ పేపరు దొరికితే ఇంకేమైనా ఉందా? రెండు రోజులు అన్నం సహించలేదు ఆయనకి. మూడో రోజు వాటి మీద "నిశ్చయ పత్రము" అని స్టాంపు కొట్టించి పంచిపెట్టారు.

తర్వాత వాన వంతు వచ్చింది. ఆ రోజు పడమటి వైపు ఆకాశం కాటుక పెట్టినట్టయింది, ఈదురుగాలి మొదలైంది. వాన వచ్చేలా ఉందండీ అని పిల్లలెవరూ అనడానికి లేదు, అది ఊహ. చినుకులు జోరువానై, అది నేల మీద నీరుగా ధ్రువపడ్డాక బెల్లు కొట్టారు. అప్పటికి దార్లో మోకాలి లోతు నీళ్లు. పిల్లలు ముద్దయిపోయి ఇళ్లకి చేరారు. డిక్షనరీలు ఎండబెట్టడానికి రెండు రోజులు పట్టింది.

ఆ వారమే తనిఖీ బృందం వచ్చింది. భాస్కరానందం గారు ముందు, వెనక ఇద్దరు. సరాసరి వంటశాలలోకి వెళ్లారు. మధ్యాహ్న భోజనం వండే మంగతాయారు పప్పులో చేత్తో ఉప్పు వేస్తూ కనిపించింది.

"అమ్మా, ఎంత లవణము వేయుచున్నారు?"

"సరిపోయినంతండి."

"సరిపోవునని ముందుగా ఎట్లు తెలిసినది?"

"వండుతున్నాను కదండి. తెలుస్తాది."

"రుచి చూచితిరా?"

"ఉడక్కుండా ఎలా చూత్తామండి?"

"అనగా, ఊహించితిరి" అన్నారు భాస్కరానందం గారు బాధగా. ఆయనకి నిజంగానే బాధ వేసింది. "ఈ పప్పు ఊహపై ఆధారపడినది. ధ్రువీకరణ జరుగువరకు చెల్లదు."

పప్పుని ఎలా ధ్రువీకరించాలో సర్క్యులర్లో లేదు. కాబట్టి ఆ పూట పిల్లలు మజ్జిగా అన్నం తిన్నారు. మర్నాటి నుంచి మంగతాయారు ఉప్పు లేకుండా వండి, ఉప్పు డబ్బా పక్కన పెట్టి, "మీ ఊహ మీరు కలుపుకోండి" అనడం మొదలెట్టింది. ఆ అవమానం ఆవిడ మర్చిపోలేదు.

ఆఖరికి సర్టిఫికెట్ ఇచ్చే రోజు వచ్చింది. బడి ముందు షామియానా వేశారు. పిల్లలు డిక్షనరీలు మెళ్లో వేసుకుని వరసగా కూర్చున్నారు. తల్లిదండ్రులు వచ్చారు, సత్యవేణి నాయనమ్మ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఒక విలేకరి కెమెరా పట్టుకుని తిరుగుతున్నాడు. అనసూయ టీచరు పొద్దుట్నుంచీ పిల్లల వరసలు సరిచేస్తూనే ఉంది.

భాస్కరానందం గారు మొదట ఒక ఆరో తరగతి పిల్లని లేపి, నీ పేరేమిటని ఇంగ్లీషులో అడిగారు. ఆ పిల్ల నోరు విప్పలేదు. డిక్షనరీ తెరిచి, ఆయన అన్న ఒక్కొక్క మాటా వెతికి, అర్థం నిర్ధారించుకుని, అప్పుడు చెప్పింది. షామియానా కింద జనం కునికిపాట్లు పడ్డారు గానీ ఆయన కళ్లు చెమర్చాయి.

"అద్భుతము. సొంత పేరు విషయమున కూడ తొందరపడలేదు."

అక్కడికక్కడే సర్టిఫికెట్ ఇచ్చేశారు. హెడ్మాస్టరు గారు దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నారు. చప్పట్లు కొట్టారు. అనసూయ టీచరు ఊపిరి పీల్చుకుంది.

"ఇప్పుడు నేను ఆంగ్లమున ఉపన్యసించెదను. తెలియని పదము వచ్చిన వెంటనే లేచి, నిఘంటువు తెరచి, మొదటి అర్థమును బిగ్గరగా చదువుడు. అంతవరకు నేను ఆగెదను. ఇదియే ప్రజల సమక్షమున మీకు తుది పరీక్ష" అన్నారు ఆయన.

ఉపన్యాసం నడిచింది. నడిచింది అనకూడదు, పాకింది. మూడు మాటలకోసారి ఎవరో లేవడం, పేజీలు తిప్పడం, అర్థం చదవడం. ఆయన చేతులు కట్టుకుని చిరునవ్వుతో ఆగడం. పాఠశాలలు, ప్రగతి, ప్రభుత్వం అన్నీ అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నారు. నాణ్యత విషయం ఒక ఫైలు, సంఖ్య విషయం వేరే ఫైలు, రెండూ తన సంతకంతోనే నడుస్తాయి అన్నారు. సర్టిఫికెట్ మొదటి ఫైలుకి చెందింది. బడిని కలపడం రెండో ఫైలుకి చెందింది. తర్వాత చేతిలో కాగితం చూసి, వచ్చే ఏడాది ఈ బళ్లో పిల్లల సంఖ్య తగ్గుతుందని 'యాంటిసిపేట్' చేయడమైనదనీ, కాబట్టి జూన్ నుంచి బడిని అవతలి ఒడ్డుకి తరలిస్తున్నామనీ ఇంగ్లీషులో అన్నారు.

తల్లిదండ్రులకి ఇంగ్లీషు అర్థం కాక చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు గారికి అర్థమైంది. మాటిచ్చారు కదండీ అన్నట్టు అధికారి వైపు చూసి, చేతిలో సర్టిఫికెట్ని మొదట్నుంచీ మళ్లీ చదవడం మొదలెట్టారు. ఇన్ని నెలలు పిల్లల బుర్రలకి తాడు కట్టి, వానలో తడిపి, చప్పిడి పప్పు తినిపించి, చివరికి సంపాదించింది ఈ కాగితమా అనుకుంది అనసూయ టీచరు. ఏడుపొచ్చింది ఆవిడకి.

అప్పుడు సత్యవేణి లేచింది. మిగతా పిల్లల్లాగా వెంటనే డిక్షనరీ తెరవలేదు. ఒక్క క్షణం ఆయన వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపు అనసూయ టీచరుకి తెలుసు. తలుపులు మూసిన గదిలో రోజూ చూసే చూపే అది. తర్వాత ఆ పిల్ల డిక్షనరీ తెరిచి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి గట్టిగా చదివింది.

"యాంటిసిపేట్. ముందుగా ఊహించు."

చదివి, డిక్షనరీ వదిలేసి, ఈల నోట్లో పెట్టుకుని ఊదింది.

షామియానా కింద కునుకుతున్నవాళ్లందరూ ఉలిక్కిపడి లేచారు. ఊహా నిఘా కమిటీ సభ్యులు అలవాటు ప్రకారం నిలబడ్డారు. వాళ్లని చూసి బడంతా నిలబడింది. భాస్కరానందం గారు చిరునవ్వు అలాగే పెట్టుకుని ఎవరు ఊహించారా అని నాలుగు వైపులా చూశారు.

"ఎవరమ్మా ఊహించినది?"

"మీరేనండి" అంది సత్యవేణి.

ఆయన సత్యవేణి దగ్గరకి వచ్చి డిక్షనరీ అడిగి తీసుకున్నారు. చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఇది శాఖాపరమైన అంచనా. దీనికి నిబంధన వర్తించదు" అన్నారు గానీ, వేలు ఇంకా ఆ మాట మీద నుంచి తియ్యలేదు.

వెనక నుంచి మంగతాయారు లేచింది. "నా పప్పుకి వర్తించిందండి."

అనసూయ టీచరు లేచి నిలబడింది. "సార్, ఏ నిర్ణయమైనను అని ఉందండి. దాని కింద మీరే గీత గీశారు. ధ్రువీకరణ జరిగేవరకు చెల్లదు కదండీ. వచ్చే ఏడాది ఎంతమంది చేరతారో ధ్రువీకరించాలంటే వచ్చే ఏడాది బడి తెరిచి లెక్కపెట్టాలి. అంతకంటే వేరే దారి ఉందాండీ?"

విలేకరి కెమెరా పైకెత్తాడు. ఇప్పుడీ నిబంధన తప్పంటే ఆయన పథకమే తప్పు. పథకం తప్పంటే ఆ పదవి ఎందుకో ఎవరైనా అడుగుతారు. ఇదంతా ఆయన లోపల తిరుగుతుండడం మొహంలో తెలుస్తూనే ఉంది. కానీ న్యాయంగా చెప్పుకోవాలంటే అదొక్కటే కాదు. భాస్కరానందం గారు తను రాసిన రూలుని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి. మైకు దగ్గరకి వెళ్లి, ఈసారి తెలుగులోనే ప్రకటించారు.

"ఊహపై ఆధారపడినందున తరలింపు నిర్ణయము ధ్రువీకరణ జరుగువరకు నిలుపుదల చేయడమైనది. పాఠశాల యథాతథముగా ఇచ్చటనే కొనసాగును."

ఈసారి తల్లిదండ్రులు అర్థం చేసుకునే చప్పట్లు కొట్టారు. సత్యవేణి నాయనమ్మ పక్కనున్నావిణ్ని పొడిచి, "ఆ ఈల ఊదింది మా పిల్లేనే" అంది.

సందడి తగ్గాక అనసూయ టీచరు సత్యవేణిని పక్కకి పిలిచింది. "ఆ మాట ముందే తెలుసా నీకు?"

"తెలీదండి. నెక్స్ట్ ఇయర్ అన్నారు కదండీ ఆయన. రాని ఏడాది సంగతి ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుందండి? ఊహించే ఉంటారనుకున్నానండి. అప్పుడు డిక్షనరీ చూశాను. అదే ఉంది."

అనసూయ టీచరు ఆ పిల్లని దగ్గరకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. ఇన్నేళ్లు తను చెప్పిన ఇంగ్లీషంతా ఆ నాలుగు మాటల్లో తిరిగొచ్చింది ఆవిడకి.

సాయంత్రం అధికారిని సాగనంపడానికి అందరూ రేవు దాకా వెళ్లారు. పడవ ఎక్కబోతూ ఆయన ఆగి, హెడ్మాస్టరు గారిని ముందు వెళ్లనిచ్చి, అనసూయ టీచరు వైపు తిరిగారు. ఈసారి సర్క్యులర్ భాష కాదు, మామూలు మనిషిలా అడిగారు.

"టీచరు గారూ, ఒక్క మాట. ఆ అమ్మాయి డిక్షనరీ తెరవడానికి ముందు కాసేపు ఆగింది. నేను చూశాను. అప్పుడా పిల్ల ఏం చేస్తోందండీ?"

అనసూయ టీచరు గోదావరి వైపు చూసి, తర్వాత ఆయన వైపు చూసింది.

"నాకెలా తెలుస్తుందండీ సార్? మీరు ఊహించి చెప్పమంటే చెబుతాను."

భాస్కరానందం గారు పడవలో కూర్చుని, అవతలి ఒడ్డు చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నారు.